చూచిన దేహములు పెక్కు, గీచిన దేహ మొక్కటి

ఫాల్గుణ మాసమున బోథ్ చుట్టుపట్ల గుట్టలమీద మోదుగులు విరియబూచునప్పుడు చెట్టున ఆకు కానరాదు. కాముని పున్నమకు రంగు కాచుకొనుటకై పిల్లలు దులిపి తెచ్చుకొను ఆ పూలు, ఆకు రాలిన మోటుకొమ్మలమీద గుత్తులు గుత్తులుగా ఎఱ్ఱబాఱి నిలుచును. విస్తళ్లు కుట్టుటకు పనికివచ్చు మూడేసి యాకులు ఆ వెనుక గాని రావు. కొసను ఒక్క గింజను మాత్రము దాచుకొన్న పలుచని కాయ పండుటకు ఇంకను కాలము పట్టును. అయినను వృక్షశాస్త్ర గ్రంథములలో మోదుగు పటమును చూతుమేని, ఒకే కాగితముమీద పూలగుత్తియు, ముదిరిన యాకును, కాయయు, కాయనుండి వేఱుచేసిన గింజయు, చీల్చి పఱచిన పువ్వులోని కేసరములును కలిసి యుండుట సర్వసాధారణము. అట్టి మోదుగును ఏ యడవిలోనైనను, ఏ దినముననైనను ఎవ్వరును చూచి యెఱుగరు. ఎవ్వరును చూడని దానిని గీచి, దానినే సత్యమైన పటమని శాస్త్రజ్ఞుడు చేపట్టుట మొదట వింతగా దోచును. ఈ విద్య యిచట మొలకెత్తినది కాదు. ఐదువందల యేండ్ల క్రిందట ఇటలీ నగరములలో, చలికాలపు రాత్రులయందు, శవముల దాపున కూర్చుండి కొందఱు చిత్రకారులు దీనిని సాధించిరి. అది పూలచెంతకు వచ్చినది తరువాత. తెలుగునేలకు వచ్చినది ఆపైని.

ఆనాటి ఫ్లారెన్సు నగరమున చిత్రకారులు చేరియుండిన వృత్తిసంఘము వైద్యులదియు, ఔషధములు అమ్మువారిదియు. రంగులును మందులును ఒకే యంగడిలో దొరకుచుండుటచే ఇట్టి పొత్తు కుదిరినదని చెప్పుదురు. ఏ కారణముచే కుదిరినను, కుంచె పట్టినవాడును కత్తి పట్టినవాడును ఒకే కప్పు క్రింద లెక్కలు చూచుకొనుట మాత్రము నిజము. 1435లో ఆల్బెర్తి యను పండితుడు చిత్రలేఖనమును గూర్చి వ్రాసిన గ్రంథములో, మనుష్యాకృతిని గీయబూనినవాడు మొదట ఎముకలను, వానిమీద కండరములను, అటుపిమ్మట చర్మమును మనసులో నిలుపుకొని గీయవలెనని విధించెను. ఈ యుపదేశము పాటించిన చిత్రకారులు పెక్కురు. కాని వారికి కావలసినది చర్మముక్రింద ఉబికి కనబడు కండ యెంతయో అంతవఱకే. కాలేయముతో వారికి పనిలేదు. ఈ హద్దును దాటి, చిత్రమునకు అక్కఱలేని లోపలికి కేవలము తెలిసికొనుటకే ప్రవేశించినవాడు లియొనార్డో దా వించి.

1507వ సంవత్సరాంతపు చలికాలమున అతడు ఫ్లారెన్సులోని సాంతా మరియా నువోవా వైద్యశాలలో ఒక వృద్ధునితో మాటలాడుచు కూర్చుండెను. తనకు నూఱేండ్లు దాటినవనియు, ఒడలి నీరసము తప్ప మఱే బాధయు లేదనియు చెప్పిన యా ముసలివాడు, కొలది గడియలకే, కూర్చున్న పఱుపుమీదనే, ఎట్టి యలజడియు లేక ప్రాణము విడిచెను. అంత సుఖమైన మరణమునకు హేతువేమో చూతమని లియొనార్డో ఆ దేహమును కోసెను. గుండెకును దిగువ యవయవములకును నెత్తురు చేర్చు నాళములు ఎండి, ముడుతలు పడి, గోడలు దళసరియై, లోపలి దారి యిఱుకైపోయి యుండుట కనుగొనెను. రెండేండ్ల శిశువు దేహమును కూడ కోసి, దానిలోని నాళములతో వీనిని పోల్చి చూచెను. వయసుతో ధమనులు బిఱుసెక్కి పూడిపోవుటను గూర్చి మనకు తెలిసినంతలో ఇదియే తొలి వర్ణన యని నేటి వైద్యచరిత్రకారులు అందురు.

కోసినవాడు మాత్రమే యెఱుగు సంకటమొకటి యిచట గలదు. పుస్తకములో నీలమును ఎఱుపును వేసి చూపిన సిరలు, ధమనులు, నరములు, స్నాయువులు నిజదేహములో అట్లు రంగు చెప్పుకొని యుండవు. కొవ్వు, నెత్తురు, పొరలు అన్నియు కలగాపులగమై, ఏది యెక్కడ ముగిసినదో ఏది యెక్కడ మొదలైనదో తెలియనీయవు. ఒక నాళమును తేటపఱుపవలెనన్న దానిచుట్టునున్న కండ నంతయు తొలగింపవలెను. కండను తెలియవలెనన్న మఱియొక దేహము కావలెను. శవము చెడకుండ నిలుపు ద్రవ్యములు ఆనాడు లేవు గనుక, ఒక్కదానితో పని ముగియునంతలో అది కుళ్లనారంభించును. కావుననే ఒక్క విషయమును పూర్తిగా ఎఱుగుటకు పెక్కు శవములు కోయవలసి వచ్చినదని లియొనార్డో చెప్పుకొనెను. జీవితాంతమునాటికి ముప్పది శవములకు పైగా కోసితినని యొకమాఱు లెక్క చెప్పెను. ఆ ముప్పదింటినుండి కాగితముమీదికి వచ్చిన బాహువు ఒక్కటి, వెన్నెముక ఒక్కటి. వానిలో ఏదియు ఒకానొక మనుష్యునిది కాదు.

1510, 1511 సంవత్సరములలో పావియా విశ్వవిద్యాలయపు యువాచార్యుడైన మార్కాంతోనియో దెల్లా తోఱ్ఱెతో కూడి పనిచేసిన కాలమున అతడు నింపిన పదునెనిమిది కాగితములమీద రెండువందల నలుబదిదాకా బొమ్మలు గలవు. అవి చూచినచో ఈనాటి యంత్రశాస్త్ర పటములలోని యుపాయములన్నియు అప్పుడే పుట్టినవా యనిపించును. భుజమును చేతిలో పట్టుకొని త్రిప్పి చూచినట్లు వరుసగా పలుదిక్కులనుండి గీచుట. మెడలోని వెన్నుపూసలను ఒకదానినుండి యొకటి యెడముచేసి, ఏది దేనిలో అమరునో గీతలతో చూపుట. కండరమును ఉన్నంత లావుగా గాక అది లాగు దిక్కునకు ఒక త్రాడుగా మార్చి, దాని క్రింది త్రాడు కూడ కనబడునట్లు చేయుట. ఇవి చూపునకు అందువి కావు. బుద్ధి చూచిన దానిని చెయ్యి గీచినది.

మా పొరుగున నిర్మల్‌లో పొనికి కఱ్ఱను చెక్కి నకాషీ పనివారు తీర్చు మామిడిపండు, పండ్లబుట్టలో నుంచినచో చెయ్యి చాపించునంత చక్కగా నుండును. కోసిచూతుమా, లోపల పొనికియే గాని టెంక యుండదు. ఆ పనివారి లక్ష్యము పైకి కనబడు పండు గనుక అది లోపము కాదు. లియొనార్డో మాత్రము టెంకను లెక్కలో చేర్చినవాడు.

అట్లని అతని చేతిని గుడ్డిగా నమ్మవలదు. 1490 ప్రాంతమున స్త్రీపురుష సంగమమును నిలువుగా కోసినట్లు అతడు గీచిన పటములో, వెన్నుపామునుండి పురుషాంగమునకు ఒక నాళము దిగి వచ్చును. అది ఏ దేహములోను లేదు, పూర్వుల గ్రంథములలో మాత్రమే యున్నది. గర్భస్థశిశువును చూపిన సుప్రసిద్ధమైన పటము చేతులు, మోకాళ్లు ముడుచుకొన్న ఆ శిశువు మృదుత్వముచేత కన్ను మరల్పనీయదు గాని, చుట్టునున్న గర్భాశయపు లోగోడకు అక్కడక్కడ బుడిపెలుగా అంటుకొన్న మావి మనుష్యస్త్రీది కాదు, ఆవుది. ఆవు గర్భమును కోసి చూచిన దానిని స్త్రీయందు నిలిపెను. చిత్రకళ శాస్త్రమునకు చేసిన మేలును పొగడువారు దీనిని తలంపరు: చేయి తిరిగినవాడు గీచిన తప్పు, చేతగానివాడు గీచిన నిజముకంటె సులువుగా నమ్మించును.

ఎద్దుగుండెతో అతడు చేసిన పని ఇందుకు భిన్నమైనది. గుండెనుండి వెడలు మహాధమని మొదటనున్న మూడు ఉబ్బులయందు నెత్తురు ఏమగునో చూడగోరి, అదే యాకారమున గాజునాళమును చేయింపబూని, గడ్డివిత్తులు కలిపిన నీటిని దానిలో పోనిచ్చి, విత్తుల పరుగునుబట్టి నీరు సుడులు తిరుగుట గమనించెను. ఆ సుడులే కవాటపు రెక్కలను మూయుటకు సాయపడునని అతడు తేల్చినది 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున ప్రయోగశాలలలో సరియని తేలినది. ఇంతచేసియు రక్తము దేహమంతట తిరిగి మరల గుండెకే వచ్చునన్న సంగతి అతనికి స్ఫురింపలేదు. దానికి 1628లో హార్వే గ్రంథము వెలువడువఱకు లోకము వేచియుండవలసి వచ్చెను. లియొనార్డో కాగితములైతే శిష్యుడైన మెల్జీ చేతికి పోయి, చేతులు మాఱి, తుదకు ఇంగ్లండు రాజుల భాండాగారము చేరి, 19వ శతాబ్దాంతమున గాని అచ్చునకు నోచుకొనలేదు. శాస్త్రము అతని కొఱకు ఆగలేదు. అచ్చుకాని పటమును రెండవవాడు సరిచూడలేడు గదా.

మన పూర్వులకు శవచ్ఛేదము తెలియనిది కాదు. సుశ్రుతసంహితలోని శారీరస్థానము, దేహమును ముంజగడ్డి మొదలగువానితో చుట్టి, పంజరములో నుంచి, పాఱునీటిలో ఏడురాత్రులు నాననిచ్చి, పిమ్మట వట్టివేళ్లు మున్నగువానితో కట్టిన కుంచెతో మెల్లమెల్లగా రుద్దుచు, చర్మము మొదలుకొని ఒక్కొక్క పొరను కంటితో చూడవలెనని విధించుచున్నది. కత్తి పట్టక కుంచెతో పొరలూడ్చిన ఆ యోర్పు మెచ్చదగినదే. అయినను చూచినదానిని శ్లోకమున నిలిపిరే గాని పటమున నిలుపలేదు. సుశ్రుతుడు ఎముకలు మూడువందలనును, చరకుడు మూడువందల అఱువది యనును. నేటి లెక్కకు పెద్దవానియందు 206. వారు లెక్క తప్పిరని నవ్వుట తెలివితక్కువ. దంతములను, గోళ్లను, మృదులాస్థులను ఎవరు ఎంతవఱకు చేర్చిరన్నదే యిచటి భేదము. ఏది యొక ఎముక, ఎచట దాని యంచు అన్న తగవును మాట తీర్చలేదు, గీత తీర్చును.

ఆ గీతను అచ్చువేసి లోకమునకు పంచినవాడు బ్రస్సెల్సులో 1514లో పుట్టిన వెసాలియసు. అంతకుముందు విశ్వవిద్యాలయములలో ఆచార్యుడు ఎత్తైన పీఠముమీద కూర్చుండి ప్రాచీన వైద్యుడైన గేలెను గ్రంథమును చదువుచుండ, క్రింద మంగలి శవమును కోయుచుండ, మఱియొకడు కఱ్ఱతో చూపుచుండెడివాడు. చదువువాడు చూడడు, కోయువానికి చదువు లేదు. 1537లో పాదువాలో ఆచార్యుడైన వెసాలియసు పీఠము దిగి, కత్తిని తానే చేపట్టెను. గేలెను ముఖ్యముగా కోతులను, పందులను కోసి వ్రాసినవాడగుటచే, అతడు ఏడు ముక్కలని చెప్పిన ఱొమ్ముటెముక మనుష్యునిలో మూడే ముక్కలనియు, రెండుముక్కలదనిన క్రింది దవుడ ఒక్క యెముకయే యనియు ఇతడు చూపెను. 1543లో బాసెలు నగరమున ఒపొరీనుసు అచ్చువేసిన అతని మహాగ్రంథమునకై కొయ్యదిమ్మెలను వెనిసులో చెక్కించి, ఆల్ప్సు పర్వతములు దాటించి పంపెను. ఆ గ్రంథములో చర్మమూడిన మనుష్యులు నిలుచుండి, నడచి, ఒక్కొక్క పుటకు ఒక్కొక్క కండరపు పొర జాఱవిడుచుచు, తుదకు గోడకు చేరగిలబడువఱకు వచ్చుచుందురు; వారి వెనుక పాదువా సమీపపు కొండలు, వంతెనలు, ఊళ్లు గలవు. చూచువారు ఆ కొండలనే మెచ్చుకొందురు. నాకు అంతకంటె మిన్నగా దోచునది ప్రతి కండరముమీదను చెక్కిన చిన్నచిన్న యక్షరము. పటములో ఆ యక్షరమున్నచోట ఏమున్నదో వచనములో ఆ యక్షరముక్రింద చెప్పబడి యుండుటచేత, వేయిమంది వేయి యూళ్లలో ఒకే చోటిని వ్రేలితో చూపి వాదింపగలిగిరి. వెసాలియసు తన పేరును, తన ముఖమును కూడ గ్రంథమున ముద్రించుకొనెను. ఆ బొమ్మలు గీచిన చేయి యెవరిదో గ్రంథము చెప్పదు. తీషియను శిష్యుడైన కాల్కారుదని కొందఱు, కాదని కొందఱు నేటికిని తగవాడుదురు.

ఇటనుండి కథ పువ్వులవైపు మరలుటకు వంతెనయైనవాడు యాన్ వాండెలార్ అను డచ్చి చిత్రకారుడు. లైడెను ఆచార్యుడైన ఆల్బీనుసునకై యితడు గీచిన అస్థిపంజర పటములు 1747లో వెలువడినవి. దారములతో గళ్లు కట్టిన చట్రములను నిలిపి, అంగముల పొంకమునకై నలుబది యడుగుల దూరమునుండియు, వివరములకై నాలుగడుగుల దూరమునుండియు చూచి గీయవలెనను నియమముతో ఏండ్లతరబడి సాగిన పని యది. ఇంత కొలతకు కట్టుబడినవారే, ఆ యొక్క పంజరమునందలి లోపములను పటములో దిద్ది, ఉత్తమమైన మనుష్యపంజరమెట్లుండవలెనో అట్లు తీర్చిరి. ఒక పటములో ఆ పంజరము వెనుక మేయుచున్న ఖడ్గమృగము మనదే. బంగాళమునుండి ఓడమీద 1741లో డచ్చిదేశము చేరి, క్లారా యను పేర యూరోపునంతయు తిరిగినది. ఈ వాండెలారే అంతకు పదేండ్లముందు, యువ వృక్షశాస్త్రజ్ఞుడైన లినీయసు వ్రాసిన తోటమొక్కల గ్రంథమునకు ఫలకములు చెక్కెను. మనుష్యపంజరమును విప్పిన చేతికి పువ్వును విప్పుట క్రొత్త కాదు.

లినీయసు శిష్యుడైన కోనిగ్ 1768లో తరంగంబాడికి వచ్చి, గురువు పద్ధతిని దక్షిణదేశమున నాటి, 1785లో కాకినాడ చెంత జగన్నాథపురమున కన్నుమూసెను. అతడు పెంచిన ఉత్సాహము విలియం రాక్స్‌బర్గ్‌కు సంక్రమించెను. 1751లో స్కాట్లండులో పుట్టి కంపెనీ వైద్యుడై వచ్చిన యితడు 1781నుండి సామర్లకోటలో నుండి, అచట తోటవేసి, ఈ దేశపు చిత్రకారులను కుదుర్చుకొని, మొక్కలను ప్రాణముతో నుండగానే వారిచే గీయించెను. ఐదువందలదాకా పటములు లండనుకు పంపగా, జోసెఫ్ బాంక్సు ఏఱి కూర్చిన మూడువందలు కోరమాండలు తీరపు మొక్కల గ్రంథముగా 1795 మొదలుకొని మూడు సంపుటములలో వెలువడినవి. పేరునకు తీరము గాని, మొదటి సంపుటములోనే టేకు, ఇప్ప, మోదుగు, తునికి, సోమిద, బిల్లు గలవు. బోథ్ అడవినుండి ఏఱుకొన్నట్లే యుండును.

ఆ చిత్రకారుల యెదుట నున్న కష్టమును తునికియందు చూడవచ్చును. తునికాకు కోతకు పోవువారికి ఆకుతోనే పని. శాస్త్రజ్ఞునికి పువ్వుతో పని. మగపూలు ఒక చెట్టున, కాయ కాయు పూలు మఱియొక చెట్టున నుండుటచే, తునికిని సమగ్రముగా గీయుటకు రెండు చెట్లు కావలెను. టేకు వానకాలమున పూచి చలికాలమున గింజలు రాల్చును గనుక, ఒక కాగితమునకు రెండు ఋతువులు కావలెను. ఇంక మోదుగు పువ్వును చేతితో విప్పి చూడుడు: నల్లని మొఖమలువంటి నూగుగల రక్షకపత్రపు గిన్నెలోనుండి వెనుకకు వాలిన ధ్వజమొకటి, ఇరువైపుల రెండు రెక్కలు, క్రింద కొక్కెమువలె వంగిన ద్రోణి. ద్రోణిని గోటితో చీల్చినచో పది కేసరములు కనబడును. వానిలో తొమ్మిది అడుగున నొక కట్టగా కలిసియుండును, పదవది విడిగా నుండును. లినీయసు వర్గములు కేసరముల లెక్కమీదను, కూడికమీదను నిలిచినవి గనుక, చిత్రకారుడు ఏమఱి ఆ పదవదానిని కూడ కట్టలో కలిపెనా, మోదుగు మఱియొక వర్గమునకు పోవును. రంగు కొంచెము వెలిసినను చిక్కులేదు. ఈ యొక్క గీత తప్పరాదు. ఎఱుపును ఎఱుపుగా వేయుట నేర్చిన వంశములలో పుట్టినవారు, ఎఱుపుకంటె తొమ్మిదియు ఒకటియు ముఖ్యమని క్రొత్తగా నేర్వవలసి వచ్చెను. వారి పేర్లు గ్రంథమున లేవు. రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా తోటకు పోయిన పిమ్మట కూడ ఈ పని సాగి, అతని పటములు రెండువేల ఐదువందలకు పైబడినవి.

పేర్లు తెలిసినది మఱుతరమున. 1819లో మద్రాసు చేరిన వైద్యుడు రాబర్ట్ వైట్‌కు పటములు గీచినవారు రంగయ్య, ఆ పిమ్మట గోవిందు. తంజావూరు ప్రాంతమున చిత్రలేఖనమే వృత్తిగాగల తెలుగు రాజు కులపు కుటుంబములవారని పరిశోధకులు తలంచుచున్నారు. వైట్ సెలవుమీద స్వదేశమునకు పోయినప్పుడు రాతిఅచ్చును నేర్చుకొని వచ్చి, పటములను లండనుకు పంపక మద్రాసులోనే అచ్చువేయించెను. 1838నుండి 1853వఱకు ఆఱు సంపుటములలో వెలువడిన అతని తూర్పిండియా వృక్షచిత్ర గ్రంథములో 2,101 ఫలకములు గలవు. అవి రంగులేనివి, ఖర్చు తగ్గించుటకే యట్లు చేసినను, జాతులను వేఱుపఱచుటకు రంగు ఎంత తక్కువ అవసరమో అవియే ఋజువు చేసినవి. కొమ్మ నడుమ నిలువగా, క్రింది భాగమున సూక్ష్మదర్శినిలో పెంచిన పువ్వుల కోతలు, అండాశయపు అడ్డుకోత, పరాగపు తిత్తి, గింజ వరుసగా నుండును. ఒక్కొక్కదానికి అంకె యున్నది, ఆ అంకెకు వచనములో వివరణ యున్నది. వెసాలియసు కండరములమీది యక్షరమే యిది. పటము దిగువ అంచున గీచినవాని పేరు చిన్న యక్షరములలో నుండుట మాత్రము వెసాలియసు గ్రంథమున లేనిది.

గ్రంథము ముగియు వేళ, 1853లో, వైట్ ఒక ఆర్కిడుకు క్రొత్త ప్రజాతిని ఏర్పఱచి దానికి గోవిందు పేరుతో గోవిందూయియా యని నామకరణము చేసెను. అది అంతకుముందే లిండ్లీ స్థాపించిన ట్రాపిడియా ప్రజాతిలోనిదని తరువాతివారు కనుగొని దానిలో కలిపివేసిరి. వృక్షనామముల నియమావళి ప్రకారము ఒకమాఱు సక్రమముగా ప్రకటింపబడిన పేరు చెల్లకపోయినను చెఱిగిపోదు గనుక, ట్రాపిడియా పర్యాయనామములలో అది యిప్పటికిని గలదు. వైట్ వర్ణనతో పోల్చిచూచి అది ట్రాపిడియాయే యని తేల్చుటకు కావలసిన పువ్వుకోతలన్నియు ఆఱవ సంపుటములో, ఆ పేరు క్రింది ఫలకముననే యున్నవి.